ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారుకి సొంతంగా స్టీరింగ్, పెడళ్లు కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: 1/10 స్కేల్ ఎలక్ట్రిక్ కారు ఉంది, పిస్టల్ రకం ట్రాన్స్‌మిటర్‌తో (ట్రిగర్‌తో వేగం, పక్కనున్న చిన్న చక్రంతో దిశ మార్చే రిమోట్) నడుపుతున్నారు, దాని బదులు రెండు చేతులతో పట్టుకునే పెద్ద స్టీరింగ్, కాళ్ల కింద పెడళ్లు కావాలి. ఆర్డుయినో (ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు), ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో మాడ్యూళ్లు పెట్టి అంతా కొత్తగా కట్టుకోవాలా, లేకపోతే మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ గేమ్ స్టీరింగ్ ఏమైనా పనికొస్తుందా అన్నారు.

కొత్త రేడియో కట్టకండి. ఉన్న ట్రాన్స్‌మిటర్‌నే ఉంచి, దానిలోని స్టీరింగ్ పాట్ (పొటెన్షియోమీటర్, తిప్పిన కొద్దీ వోల్టేజీ మార్చే భాగం) స్థానంలో మీ పెద్ద స్టీరింగ్ కింద పెట్టిన పాట్‌ని కలపండి. పాత గేమ్ స్టీరింగ్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, అది ఎంత సాదా రకమైతే అంత మంచిది. మీ టైమంతా స్టీరింగ్ మెకానిజం మీద పెట్టండి, ముఖ్యంగా చేతులు వదిలేయగానే అది ఎంత కచ్చితంగా మధ్యకి వస్తుందన్న దాని మీద.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మీ చేతిలో ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ సెట్‌లో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే కారుని ఆపేది), ఎండ్ పాయింట్లు (చక్రాలు ఎంత దాకా తిరగాలనే హద్దులు), ట్రిమ్ (మధ్యని కాస్త అటూ ఇటూ సర్దేది), సర్వో (ముందు చక్రాల్ని తిప్పే చిన్న మోటారు) రివర్స్ లాంటివి దాదాపు అన్నీ ముందే ఉంటాయి. వాటిని మళ్లీ మొదట్నుంచీ రాసుకుంటూ కూర్చుంటే అసలు స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. "కారు సరిగ్గా తిరగట్లేదు, ఒకసారి చూడండి" అని నా దగ్గరికి తెచ్చిన ఇంటి స్టీరింగుల్లో ఎలక్ట్రానిక్స్ లోపం ఉన్నవి తక్కువ. వదిలేస్తే మధ్యకి రాకపోవడం, ఇరుసు దగ్గర లూజు, కారు కొంచెం తిరగడానికి చేతులు బోలెడంత తిప్పాల్సి రావడం, ఎక్కువగా కనిపించేవి ఈ మూడే.

ముందుగా ఒక్కటి చూసుకోండి. ట్రాన్స్‌మిటర్ చక్రాన్ని కొద్దిగా తిప్పితే కారు ముందు చక్రాలు కూడా కొద్దిగానే తిరుగుతున్నాయా, లేక ఒక్కసారిగా చివరి దాకా కొట్టుకుంటున్నాయా? రెండోదైతే అది బొమ్మ కారు సర్క్యూట్, అందులో ఎడమ, కుడి అని రెండే స్విచ్చులుంటాయి, ఎంత మంచి స్టీరింగ్ పెట్టినా మధ్యలో కోణాలు రావు. అలాంటి దానికి ముందు సర్వో, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే బోర్డు), రిసీవర్ మార్చాలి. మీది 1/10 హాబీ కారు అంటున్నారు కాబట్టి ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా మూత విప్పే ముందు చూడటం మంచిది.

ఇక వైరింగ్. ట్రాన్స్‌మిటర్ విప్పితే ఆ చిన్న ఫోమ్ చక్రం ఇరుసు చివర ఒక పాట్, దానికి మూడు వైర్లు కనిపిస్తాయి. అటు చివర సప్లై, ఇటు చివర గ్రౌండ్, మధ్య కాలు మీద మారే వోల్టేజీని బట్టి ట్రాన్స్‌మిటర్ కోణాన్ని లెక్కేసుకుంటుంది. కొన్ని కొత్త సెట్లలో పాట్ బదులు హాల్ సెన్సర్ (అయస్కాంతంతో కోణాన్ని పసిగట్టేది) ఉంటుంది, దానికీ సప్లై, గ్రౌండ్, సిగ్నల్ అనే మూడు వైర్లే, కాబట్టి పద్ధతి మారదు. ఏదీ కత్తిరించక ముందే మల్టీమీటర్ పెట్టి మధ్య వైరు మీద మూడు కొలతలు రాసుకోండి: పూర్తి ఎడమ, మధ్య, పూర్తి కుడి. ఈ మూడు అంకెలు లేకుండా ముందుకి పోవద్దు.

పాట్ 5కె (5 వేల ఓమ్స్) ఉండాలా 10కె ఉండాలా అని చాలామంది టెన్షన్ పడతారు. అది అంత పెద్ద విషయం కాదు, ఎందుకంటే ట్రాన్స్‌మిటర్ చూసేది ఓమ్స్‌ని కాదు, రెండు చివరల మధ్య ఉన్న వోల్టేజీ ఏ నిష్పత్తిలో పంచుకుందనేదాన్ని. మరీ 100కె లాంటివి వద్దు, మధ్య వైరు నాయిస్ పట్టేస్తుంది. 10కె లీనియర్ (తిప్పినదాన్ని బట్టి సమానంగా మారే రకం) అయితే ఎక్కడైనా సరిపోతుంది. లీనియరో కాదో తెలుసుకోవడానికి దాని మీద అక్షరాల్ని నమ్ముకునే బదులు సరిగ్గా సగానికి తిప్పి మీటర్‌తో కొలవండి, సగం ఓమ్స్ చూపించాలి. వాల్యూమ్ కోసం తయారయ్యే పాట్ సగం దగ్గర చాలా తక్కువో చాలా ఎక్కువో చూపిస్తుంది, అది స్టీరింగ్‌కి పనికిరాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. ట్రాన్స్‌మిటర్‌లోని పాట్ మొత్తం తిరగదు, మధ్యలో ఒక చిన్న ముక్క మాత్రమే వాడుకుంటుంది. మీ కొలతలు 1.1, 1.65, 2.2 వోల్టులు వచ్చాయనుకోండి, సప్లై 3.3. అంటే మొత్తంలో మూడో వంతే వాడకంలో ఉంది. మీరు దాదాపు 300 డిగ్రీలు తిరిగే పాట్ పెట్టి, స్టీరింగ్‌ని 270 డిగ్రీలు తిప్పితే మధ్య వైరు దాదాపు 0.16 నుంచి 3.1 దాకా ఊగుతుంది, అంటే స్టీరింగ్ కొంచెం తిప్పగానే కారు పూర్తిగా తిరిగిపోతుంది, మిగతా తిప్పుడంతా వృథా. దీనికి గేర్లు అక్కర్లేదు, పాట్ రెండు చివర్లకీ ఒక్కో రెసిస్టర్ సిరీస్‌లో పెడితే చాలు. లెక్క: 10కె పాట్‌లో 270 డిగ్రీలకి 9కె కదులుతుంది, అది మొత్తంలో మూడో వంతు కావాలంటే మొత్తం 27కె ఉండాలి, పాట్ పోగా మిగిలిన 17కె ని రెండు వైపులా సమానంగా పంచితే 8.5కె చొప్పున. అది దొరకదు కాబట్టి 8.2కె వేస్తే 1.09 నుంచి 2.21 వోల్టులు వస్తుంది. ఆ కాస్త తేడా ఎండ్ పాయింట్ సెట్టింగులో సర్దుకోవచ్చు. మీ కొలతలు వేరేగా ఉంటాయి, కానీ లెక్క ఇదే. మీ ట్రాన్స్‌మిటర్‌లో స్టిక్ క్యాలిబ్రేషన్ మెనూ (స్టీరింగ్ హద్దులు ఎక్కడో ట్రాన్స్‌మిటర్‌కి నేర్పేది) ఉంటే రెసిస్టర్లు లేకుండానే పని అయిపోవచ్చు, ముందు అది వెతకండి.

తర్వాత కోణం. నిజమైన కారులో స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి రెండున్నర, మూడు చుట్లు తిరుగుతుంది కదా, అలాగే చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. వద్దండి. ఆర్‌సీ కారు గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకి 8 మీటర్ల పైనే దాటుతుంది, 1/10 కారుకి అది దాదాపు ఇరవై కార్ల పొడవు. సాధారణ సర్వో ఆ చివర నుంచి ఈ చివరకి సెకనులో ఐదో వంతులో తిరిగేస్తుంది. మీరు రెండు చుట్లు తిప్పేలోపు కారు గోడ దగ్గర ఉంటుంది. అటు 90 నుంచి 120, ఇటు 90 నుంచి 120 డిగ్రీలు చాలు, చేతులు పట్టు మార్చకుండా, ఒకదాని మీదికి ఒకటి రాకుండా తిప్పగలిగే హద్దు కూడా దాదాపు అదే. కొత్తవాళ్లకి, పిల్లలకి 120 వైపు ఉంచండి, మెల్లగా ఉంటుంది. పైన లెక్కలో నేను వేసుకున్న 270 కాస్త పెద్ద వైపే. స్టీరింగ్ వ్యాసం 20 నుంచి 28 సెంటీమీటర్ల మధ్య బాగుంటుంది.

ఇప్పుడు మధ్యకి రావడం. స్టీరింగ్‌కి చెరో వైపు ఒక స్ప్రింగ్ కట్టి, రెండూ ఎదురెదురుగా లాగేలా పెడతారు చాలామంది. చూడ్డానికి బాగానే వస్తుంది. కానీ సరిగ్గా మధ్యలో రెండు స్ప్రింగులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అక్కడ స్టీరింగ్‌ని నెట్టే బలం దాదాపు సున్నా, బేరింగ్, పాట్ రాపిడికి అది ఓడిపోతుంది. ఎడమ నుంచి వదిలితే ఒక చోట, కుడి నుంచి వదిలితే ఇంకో చోట ఆగుతుంది. ఆ కొద్ది డిగ్రీల తేడాకే కారు తిన్నగా పోదు, మీరు ట్రిమ్ తిప్పుతూనే ఉంటారు, ప్రతి మలుపు తర్వాతా ట్రిమ్ మళ్లీ తప్పవుతుంది.

నేను వాడేది కత్తెర పద్ధతి, కొన్ని జాయ్‌స్టిక్కుల లోపల ఉండేది కూడా ఇదే. స్టీరింగ్ ఇరుసు మీదే వదులుగా తిరిగే రెండు చేతులు (కత్తెర కాళ్లలాంటి మీటలు) అమర్చండి, ఇనప పట్టీ అయినా, గట్టి ప్లైవుడ్ అయినా పర్లేదు. ఆ రెంటినీ దగ్గరికి లాగుతూ ఒకే స్ప్రింగ్. రెండు చేతుల మధ్య రెండు బోల్టులు ఉంటాయి: ఒకటి కదలని ఫ్రేముకి బిగించినది, ఇంకోటి ఇరుసుతో పాటు తిరిగే పలకకి బిగించినది. ఇరుసు నుంచి ఒకటి కొంచెం దూరంగా, ఒకటి దగ్గరగా. మధ్యలో ఉన్నప్పుడు రెండు చేతులూ రెండు బోల్టులనీ గట్టిగా పట్టుకుని ఉంటాయి. కుడికి తిప్పితే కదిలే బోల్టు కుడి చేతిని తోసుకుపోతుంది, ఎడమ చేతిని కదలని బోల్టు ఆపేస్తుంది, స్ప్రింగ్ సాగుతుంది. దీనిలో గొప్పతనం ఏంటంటే, మధ్య నుంచి ఒక్క డిగ్రీ కదలాలన్నా స్ప్రింగ్‌కి ముందే ఉన్న బిగువునంతా దాటాలి. అందుకే వదలగానే టక్కుమని వచ్చి కూర్చుంటుంది, చేతికి మధ్య ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది.

దీంట్లో జాగ్రత్త ఒక్కటే. రెండు బోల్టుల దగ్గరా చేతులు ఒకేసారి తాకాలి. చేతులు సరిగ్గా సమాంతరంగా ఉంటే రెండు బోల్టులూ ఒకే మందం ఉండాలి, చేతులు వంపుగా ఉంటే తాకే చోట్లని దానికి తగ్గట్టు అరగదీసుకోవాలి. కదిలే బోల్టు సన్నగా ఉంటే దాని చుట్టూ ఖాళీ, లావుగా ఉంటే కదలని బోల్టు దగ్గర ఖాళీ. ఎటైనా మధ్యలో ఊగుతుంది. నేను ముందు చేతుల్ని కొంచెం మందంగానే ఉంచి, తాకే అంచుని ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ, మధ్యలో కాగితం ముక్క పెట్టి లాగి చూస్తాను. రెండు బోల్టుల దగ్గరా కాగితం ఒకేలా పట్టేసిందంటే సరిపోయినట్టే. ఆ తర్వాత బోల్టుల మీద సన్న హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగితే టకటక శబ్దం పోతుంది. రెంటికీ తొడగాలి, ఒక్కదానికి తొడిగితే మళ్లీ మందం తేడా వస్తుంది.

ఇరుసుకి 8 మిల్లీమీటర్ల రాడ్, రెండు 608 బేరింగులు (స్కేటింగ్ చక్రాల్లో ఉండేవే, లోపలి రంధ్రం 8, బయట 22 మిల్లీమీటర్లు) చాలు. రెండు బేరింగుల మధ్య కనీసం 8 సెంటీమీటర్ల దూరం ఉంచండి, పక్కపక్కనే పెడితే స్టీరింగ్ అంచు పట్టుకుని ఊపినప్పుడు ఇరుసు మొత్తం ఊగుతుంది.

పాట్‌ని ఆ ఇరుసుకి కలిపేటప్పుడు రెండు నియమాలు. పాట్ శరీరాన్ని ఫ్రేముకి బిగించేయకండి, తిరగకుండా ఒక చిన్న పట్టీతో ఆపి, మిగతా దిశల్లో కొంచెం కదలనివ్వండి, లేకపోతే ఫ్లెక్సిబుల్ కప్లర్ వాడండి. ఇరుసూ పాటూ ఎంత జాగ్రత్తగా పెట్టినా నూరు శాతం ఒకే గీతలో ఉండవు, ఆ తేడా అంతా పాట్ మెడ మీద పడి కొన్నాళ్లకి మధ్యలో గరగర మొదలవుతుంది. రెండోది, స్టీరింగ్‌ని ఆపేది పాట్ కాకూడదు. రెండు చేతులతో ఉత్సాహంగా తిప్పేవాళ్ల బలానికి పాట్ లోపలి ఆపు విరిగిపోతుంది. కదిలే పలక వెళ్లి ఫ్రేముకి తగిలేలా రెండు బోల్టులు ఆపులుగా పెట్టండి, పాట్ చివరికి ఇంకా పదిహేను డిగ్రీలు మిగిలి ఉండాలి.

పాట్ అరుగుతుందని భయం ఉంటే ఏఎస్5600 అనే అయస్కాంత సెన్సర్ ఉంది, 12 బిట్, ఒక చుట్టుకి 4096 మెట్లు, ఏదీ దేనికీ తగలదు. కానీ దానికి పక్కదిశలో అయస్కాంతీకరించిన ప్రత్యేక బిళ్ల కావాలి, మామూలు బిళ్లతో పనిచేయదు. మొదటి స్టీరింగ్‌కి పాట్ చాలు అనే నా అభిప్రాయం.

మీ పాత గేమ్ స్టీరింగ్ సంగతి. కింద మూత తీసి చూడండి. లోపల మూడు వైర్ల పాట్, సాగే తాడో స్ప్రింగో కనిపిస్తే మీకు పెద్ద పని తప్పినట్టే: ఇరుసు, బేరింగు, బల్లకి బిగించే క్లాంపు, పెడళ్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. యూఎస్‌బీ బోర్డు తీసేసి పాట్ వైర్లు బయటకి తెచ్చుకోండి, మధ్యకి రావడం బాగోకపోతే పైన చెప్పిన కత్తెర దానిలో ఇరికించండి. అదే లాజిటెక్ జీ29 లాంటి ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (లోపలి మోటారుతో చేతికి ఎదురు బలం ఇచ్చే) రకమైతే దాన్ని విప్పకండి. దాని స్టీరింగ్ కోణం యూఎస్‌బీ ద్వారానే బయటకి వస్తుంది కాబట్టి మధ్యలో కంప్యూటర్ పెట్టాల్సి ఉంటుంది, ఆరుబయట కారు నడిపేటప్పుడు అదంతా మోసుకెళ్లడం నాకైతే నచ్చదు.

పెడళ్ల దగ్గర మాత్రం నేను కాస్త కఠినంగా ఉంటాను. స్టీరింగ్ వైరు తెగితే కారు ఒక పక్కకి తిరుగుతుంది. థ్రాటిల్ (వేగం) పాట్‌కి గ్రౌండ్ వైరో సప్లై వైరో తెగితే మధ్య కాలు వోల్టేజీ పూర్తిగా ఒక చివరకి పోతుంది, ఆ చివర ఫుల్ థ్రాటిల్ అయితే కారు ఎగిరిపోతుంది. ఫెయిల్‌సేఫ్ ఇక్కడ కాపాడదు, ఎందుకంటే రేడియో సిగ్నల్ చక్కగానే ఉంది, అది మోసుకెళ్లే ఆదేశమే తప్పు. నిజమైన కార్ల ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడల్‌లో రెండు సెన్సర్లు పెట్టి ఒకదానితో ఇంకోదాన్ని సరిచూసుకునేది ఇలాంటి లోపాలు పట్టుకోవడానికే. పెడల్ అంటే కాలి కింద వైరు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తొక్కుతారు. కాబట్టి మొదట స్టీరింగ్ ఒక్కటే చేసి, ట్రిగర్‌ని కుడిచేతి పక్కన లీవర్‌లా అమర్చుకుని కొన్నాళ్లు నడపండి.

పెడళ్లు కావాల్సిందే అంటే ట్రైనర్ పోర్ట్ (ట్రాన్స్‌మిటర్ బయటి నుంచి ఆదేశాలు తీసుకునే సాకెట్) దారి పట్టండి. పిస్టల్ సెట్లలో ఇది అరుదు, కానీ ఫ్లైస్కై ఐ6 లాంటి రెండు స్టిక్కుల విమానాల ట్రాన్స్‌మిటర్లలో ఉంటుంది, అలాంటిది కారుకీ వాడుకోవచ్చు, దానికి జత కలిసే రిసీవర్ కారులో పెడితే చాలు. ఆర్డుయినో మీ పాట్లని చదివి పీపీఎం (ఛానెళ్ల విలువల్ని వరుస పల్సులుగా పంపే) సిగ్నల్‌గా మార్చి ఆ పోర్ట్‌కి ఇస్తుంది: ఒక్కో ఛానెల్‌కి 1000 నుంచి 2000 మైక్రోసెకన్లు, 1500 మధ్య, మొత్తం ఫ్రేము 20 మిల్లీసెకన్లకి అటూ ఇటుగా. సిగ్నల్ తలకిందులుగా ఉండాలా తిన్నగా ఉండాలా అన్నది సెట్‌ని బట్టి మారుతుంది, ఒకటి పనిచేయకపోతే ఇంకోటి పెట్టి చూడండి. ఆర్డుయినో ఉంది కాబట్టి ఇప్పుడు లోపాన్ని పట్టుకోవచ్చు. పెడల్ పాట్‌ని 10 నుంచి 90 శాతం మధ్యలోనే తిరిగేలా అమర్చి, రీడింగ్ ఆ హద్దులు దాటి 3 శాతం కిందకో 95 పైకో పోయిందంటే వైరు పోయినట్టే లెక్క, వెంటనే థ్రాటిల్ 1500కి, అంటే సున్నా వేగానికి. మధ్య వైరు నుంచి గ్రౌండ్‌కి ఆర్డుయినో వైపున 220కె రెసిస్టర్ వేస్తే ఆ వైరు తెగినా రీడింగ్ గాల్లో తేలకుండా సున్నాకి పడుతుంది, అదీ లోపంగానే దొరుకుతుంది.

ట్రైనర్ పోర్ట్‌లో నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. ట్రాన్స్‌మిటర్ మీద ట్రైనర్ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపే స్టీరింగ్‌కి అధికారం, వదలగానే కారు స్టిక్కుల మాట వింటుంది. నాకు తెలిసిన ఒకాయన కొడుక్కి వేళ్లలో బలం తక్కువ, ట్రిగర్ నొక్కలేడు. వాడికి పెద్ద స్టీరింగ్, తేలిక పెడల్ ఇలాగే అమర్చాం. నాన్న ట్రాన్స్‌మిటర్ పట్టుకుని పక్కన నిలబడతాడు, కారు గోడ వైపు పోతుంటే స్విచ్ వదిలి పక్కకి తిప్పి మళ్లీ వాడికే ఇచ్చేస్తాడు. పిల్లల కోసం కట్టేవాళ్లకి ఇంతకంటే మంచి అమరిక నాకు తెలీదు.

ఇంత చెప్పినా ఎన్‌ఆర్‌ఎఫ్24 తోనే చేస్తానంటే, నేర్చుకోవడం కోసమైతే తప్పకుండా చేయండి. ఆ మాడ్యూల్‌కి 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 ఇస్తే పోతుంది. యాంటెన్నా ఉన్న పెద్ద రకం సిగ్నల్ పంపేటప్పుడు 100 మిల్లీ యాంపుల పైన లాగుతుంది, ఆర్డుయినో నానో 3.3 పిన్ దానికి చాలదు, విడిగా రెగ్యులేటర్ పెట్టి మాడ్యూల్ కాళ్ల దగ్గరే 10 నుంచి 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేయండి. "దగ్గర్లో పనిచేస్తోంది, దూరం పోతే ఆగిపోతోంది" అనే ఫిర్యాదుల్లో నేను మొదట చూసేది ఈ కెపాసిటర్ ఉందా లేదా అనే. ఇక కారు వైపు ప్రోగ్రాంలో ఫెయిల్‌సేఫ్ మీరే రాయాలి. ఆర్డుయినో సర్వో లైబ్రరీ చివరిగా ఇచ్చిన విలువనే పంపుతూ ఉంటుంది, సిగ్నల్ పోయిన క్షణంలో థ్రాటిల్ నిండుగా ఉంటే అలాగే ఉండిపోతుంది. పావు సెకను పాటు కొత్త ప్యాకెట్ రాకపోతే థ్రాటిల్ 1500 అని రాసి, దాన్ని కారు చక్రాలు గాల్లో ఉంచి, స్టీరింగ్ వైపు బ్యాటరీ లాగేసి పరీక్షించండి. ఈ పరీక్ష అయ్యేదాకా కారుని నేల మీద పెట్టొద్దు.

స్టీరింగ్ ముట్టుకోకపోయినా సర్వో వణుకుతుంటే ఎక్కువగా కారణం పాట్ వైర్లు పొడవుగా ఉండటమే. మూడింటినీ మెలేసి, మధ్య కాలుకీ గ్రౌండ్‌కీ మధ్య 100 నానోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి, చాలాసార్లు దానితోనే పోతుంది. వైర్లని ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా దగ్గర్నుంచి తీసుకెళ్లకండి. ప్రోగ్రాంలో సగటు తీసి వణుకు తగ్గించవచ్చు గానీ మరీ ఎక్కువ రీడింగుల సగటు తీస్తే స్టీరింగ్ వెనకబడుతుంది, చేతికి బరువుగా, మందంగా అనిపిస్తుంది.

మొదటిసారి నడిపేటప్పుడు ఎండ్ పాయింట్ తగ్గించి, ఎక్స్‌పో కొంచెం పెట్టండి, మధ్య దగ్గర మెత్తగా ఉంటుంది. కారు మీకు దూరంగా పోతున్నంతసేపు అంతా సుఖంగానే ఉంటుంది, మీ వైపు తిరిగి వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. పిస్టల్ ట్రాన్స్‌మిటర్‌తో అలవాటైపోయిన వాళ్లకి కూడా పెద్ద స్టీరింగ్ పట్టుకోగానే ఈ తికమక తిరిగొస్తుంది, ఎందుకంటే చేతులు నిజం కారు నడుపుతున్నామనుకుంటాయి. ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పుతూ ఉండండి, కొన్ని బ్యాటరీలకి సర్దుకుంటుంది. కారు మీద 5.8 గిగాహెర్ట్జ్ ఎఫ్‌పీవీ కెమెరా (కారులోంచి కనిపించేది మీకు తెర మీద చూపించేది) పెడితే ఈ సమస్యే ఉండదు, మీ 2.4 రేడియోకీ అది అడ్డు రాదు, పెద్ద స్టీరింగ్ ఉన్నవాళ్లు తర్వాత కొనాల్సింది నా దృష్టిలో అదే. మీ ట్రాన్స్‌మిటర్ మోడల్, ఆ మూడు వోల్టేజీ కొలతలు ఇక్కడ పెట్టండి, రెసిస్టర్ల విలువ లెక్కేసి చెప్తాను.